కత్తి పట్టిన మేరీ, పలాస డయాలసిస్ మిషనూ

ముందే చెప్పేస్తున్నా, సినిమా మీద నాకేం కోపం లేదు. 2012లో వచ్చిన అమెరికన్ మేరీ బాగా తీసిన సినిమానే. తీసింది కెనడాకి చెందిన కవల అక్కచెల్లెళ్ళు, జెన్ సోస్కా, సిల్వియా సోస్కా. పెద్ద స్టూడియో ఏదీ వెనకలేదు. నా గొడవంతా ఆ సినిమా చూసొచ్చి "అబ్బ, అండర్‌గ్రౌండ్ సర్జరీ అంటే ఇదీ" అని లంచ్ టేబుల్ దగ్గర లొట్టలేసుకునే మన జనాభాతో. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆ లొట్టలేసుకున్న నోటితోనే "కొత్త ఐఫోన్ కొనాలంటే కిడ్నీ అమ్మాలి బాసూ" అని జోకేసే మన సాఫ్ట్‌వేరు సోదర సోదరీమణులతో.

చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. మేరీ మేసన్ అని ఒక మెడికల్ స్టూడెంటు. సర్జన్ కావాలని కోరిక, చేతిలో డబ్బు లేదు. టర్కీ కోడి మీద కుట్లేయడం ప్రాక్టీసు చేస్తూ ఉంటుంది. ఫోను బిల్లు కట్టలేక ఒక క్లబ్బులో ఉద్యోగానికి వెళ్తే, అక్కడి యజమాని కింద గదిలో చావుబతుకుల్లో ఉన్న ఒకడికి ఆపరేషన్ చేస్తే 5,000 డాలర్లు ఇస్తానంటాడు. చేస్తుంది. అక్కణ్ణుంచి దొంగచాటు సర్జరీల లోకంలోకి వెళ్తుంది. ఒళ్ళు కోయించుకుని బొమ్మల్లా మారాలనుకునే వాళ్ళు క్యూ కడతారు. ఈలోగా ఆమెకి పాఠం చెప్పే డాక్టరే ఆమె మీద అత్యాచారం చేస్తాడు. ఆమె చదువు మానేసి, వాణ్ణి ఎత్తుకొచ్చి, తను నేర్చుకున్న విద్యంతా వాడి ఒంటి మీదే చూపిస్తుంది. నల్లటి ఏప్రన్, ఎర్రటి గ్లవ్స్, చక్కటి లైటింగు, మధ్యలో నవ్వు. కేథరిన్ ఇసబెల్ బాగా చేసింది కూడా.

ఇందులో నాకు నచ్చింది మొదటి అరగంట. ఆ అమ్మాయి చీకటి గదిలోకి దిగడానికి కారణం పిచ్చి కాదు, పగ కాదు, బిల్లు. ఆ ముక్క నూటికి నూరుపాళ్ళూ నిజం. ప్రపంచంలో ఎక్కడ దొంగ ఆపరేషన్ జరిగినా దాని మొదటి సీను అదే, ఎవరో ఒకరు కట్టలేని బిల్లు. ఆ తర్వాతే సినిమా నిజాన్ని వదిలేసి స్టైలు పట్టుకుంటుంది. అలా పట్టుకోవడం దాని హక్కు, హారర్ సినిమా మరి. మనం మాత్రం ఆ స్టైలునే నిజం అనుకుని ఇంటికెళ్ళిపోతున్నాం.

మన తెలుగు సినిమాలు తక్కువ తిన్నాయా అంటే అదీ లేదు. 2003లో ఠాగూర్ లో చచ్చిపోయిన మనిషికి వైద్యం చేస్తున్నట్టు నటించి డబ్బు గుంజే ఆస్పత్రి సీను గుర్తుందిగా. హాలు దద్దరిల్లింది. 2017లో అదిరింది వచ్చింది, అందులోనూ డాక్టరు విలన్లు, వాళ్ళ పని పట్టే హీరో. ఫార్మాట్ ఒకటే. ఒక చెడ్డ డాక్టరుంటాడు, వాడికి ఏసీ గదీ, కోటూ, వెటకారం నవ్వూ ఉంటాయి, ఆఖర్న వాణ్ణి ఎవరో చంపుతారు, మనం విజిలేసి పార్కింగులో బండి వెతుక్కుంటాం. లెక్క సరిపోయింది. టికెట్ క్లోజ్.

2000ల్లో ఈమెయిలు ఫార్వర్డులు చదివినవాళ్ళకి ఇంకోటి కూడా గుర్తుండాలి. హోటల్లో ఎవరో పరిచయం లేని అమ్మాయి డ్రింకు ఇస్తుంది, తెల్లారి లేస్తే ఐసు గడ్డలతో నిండిన స్నానాల తొట్టిలో ఉంటాడు, పక్కన చీటీ, కిడ్నీ లేదు. ఇది కట్టుకథ అని అమెరికాలో 1997లోనే పోలీసులు మొత్తుకున్నారు. అయినా అది మన ఇన్‌బాక్సులకి పదేళ్ళపాటు వస్తూనే ఉంది. కాస్త బుర్ర పెడితే తెలిసేది. కిడ్నీ మార్చాలంటే బ్లడ్ గ్రూపు కలవాలి, టిష్యూ మ్యాచింగ్ చెయ్యాలి, ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ పక్కపక్కన రెండు ఆపరేషన్ థియేటర్లు కావాలి, మత్తు డాక్టరు కావాలి, సర్జన్ల టీము కావాలి, తర్వాత బతికినంత కాలం మందులు కావాలి. హోటల్ బాత్రూములో అయ్యే పని కాదు. మరి ఎక్కడవుతుంది? ఆస్పత్రిలోనే. మామూలు బోర్డు ఉన్న ఆస్పత్రిలో, రిసెప్షన్లో వినాయకుడి బొమ్మ పక్కన, ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని.

అసలు హారర్ ఆ ఫారం దగ్గరుంది. దాన్ని ఎవడూ సినిమా తియ్యడు, ఎందుకంటే ఫారంలో రక్తం కనపడదు.

మానవ అవయవాల మార్పిడి చట్టం 1994లో వచ్చింది. అవయవం అమ్మకూడదు, కొనకూడదు. దగ్గర బంధువు ఇవ్వొచ్చు. తల్లి, తండ్రి, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, భార్య లేదా భర్త. 2011 సవరణలో తాతలు, అమ్మమ్మలు, మనవలు కూడా చేరారు. వేరేవాళ్ళు ఇవ్వాలంటే ప్రేమాభిమానాలతో మాత్రమే ఇస్తున్నామని ఒక కమిటీ ముందు ఒప్పించాలి. వ్యాపారం చేస్తే ఐదు నుంచి పదేళ్ళ జైలు, 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా. కాగితం మీద గట్టి చట్టమే. కాకపోతే మన దేశంలో కాగితాన్ని ఓడించేది ఇంకో కాగితమే. అప్పుల్లో మునిగిన ఒక ఊరి మనిషి, ఎన్నడూ చూడని వేరే రాష్ట్రం పెద్దమనిషికి రాత్రికి రాత్రి తమ్ముడైపోతాడు. ఆధార్ మారుతుంది, ఇంటి పేరు మారుతుంది, ఫోటో మాత్రం అదే.

కాగితం కూడా అక్కర్లేని చోట్లున్నాయి. 2008లో గుర్గావ్‌లో బయటపడ్డ రాకెట్టు గుర్తుందా? అమిత్ కుమార్ అనేవాణ్ణి నేపాల్లో పట్టుకున్నారు, వందల ఆపరేషన్ల లెక్క తేలింది. ఢిల్లీ కథలే అనుకుంటే, మన దగ్గరకొద్దాం. 2000 ప్రాంతంలో గుంటూరు జిల్లా రెంటచింతల వైపు అప్పులు తీర్చలేక రైతులు కిడ్నీలు అమ్ముకున్నారన్న వార్త రాష్ట్రమంతా మోగింది. 2023లో విశాఖ పెందుర్తిలో ఒక ప్రైవేటు ఆస్పత్రి. మధురవాడ వైపు ఒకతనికి 8.5 లక్షలు ఇస్తామని చెప్పి, కిడ్నీ తీసుకుని, 2.5 లక్షలు చేతిలో పెట్టి పంపేశారని ఫిర్యాదు. 2025 జనవరిలో హైదరాబాద్ సరూర్‌నగర్. మనలో సగం మంది అటువైపు నుంచే ఆఫీసులకి వెళ్తారు కదా, ఆ సరూర్‌నగరే. అనుమతి లేని చోట మార్పిడి ఆపరేషన్లు. ఇచ్చినవాళ్ళు తమిళనాడు నుంచి, పుచ్చుకున్నవాళ్ళు కర్ణాటక నుంచి, ఒక్కో కేసుకి 50 లక్షల పైమాట. కేసు సీఐడీకి వెళ్ళింది. అదే ఏడాది నవంబరులో మదనపల్లె. విశాఖ వైపు నుంచి తీసుకొచ్చిన ఒకామె ఆపరేషన్ తర్వాత ఇంక లేవలేదు, అందుకే విషయం బయటికొచ్చింది. లేచి ఉంటే?

ఈ నాలుగైదు కేసుల్లో ఎక్కడైనా నల్లటి ఏప్రన్ ఉందా? పగ ఉందా? ఆమాటకొస్తే పగ పట్టే తీరికెవరికుంది. 2.5 లక్షలొచ్చినవాడు మిగతా ఆరు లక్షల కోసం పోలీస్ స్టేషన్ మెట్లెక్కాడు గానీ సర్జన్ని కట్టేసి కొయ్యాలనుకోలేదు. ఈ విషయం నాకు తెలిసి సినిమాల్లో సరిగ్గా పట్టుకున్నది ఆనంద్ గాంధీ షిప్ ఆఫ్ థీసియస్. మన దగ్గర 2013లో విడుదలైంది. కిడ్నీ పోగొట్టుకున్న ఒక కూలీ కోసం, న్యాయం చేసేస్తానని ఒక స్టాక్ బ్రోకరు స్టాక్‌హోం దాకా వెళ్తాడు. తీరా కూలీకి కావల్సింది న్యాయం కాదు, డబ్బు. బ్రోకరు మొహం చూడాలి అప్పుడు. మన మొహం కూడా అదే, విజిలెయ్యడానికి సిద్ధంగా పెదాల మధ్య వేళ్ళు పెట్టుకుని ఆగిపోయిన మొహం.

ఇహ ఐఫోన్ జోకు. 2011లో చైనాలో అన్హుయ్ రాష్ట్రం కుర్రాడు, పదిహేడేళ్ళవాడు, నిజంగానే కిడ్నీ అమ్మి ఐఫోనూ ఐపాడ్డూ కొన్నాడు. వాడి చేతికొచ్చింది సుమారు 22,000 యువాన్లు. 2012లో కేసు కోర్టు మెట్లెక్కేనాటికి వాడికి మిగిలిన కిడ్నీ కూడా మొరాయించడం మొదలెట్టింది. సర్జన్ తో సహా కొందరి మీద కేసు పెట్టారు. జోకు నవ్వొచ్చేదే, కాదనను. నాకు నవ్వు రాకపోడానికి కారణం మాత్రం చైనా కాదు, నా ఊరు.

మాది టెక్కలి. మా అమ్మ పుట్టిల్లు ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు మండలంలో. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయ్యిందంటారు. పలాస స్టేషన్లో దిగి కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీల వాసన దాటి సముద్రం వైపు వెళ్తే, కొబ్బరి, జీడిమామిడి, పనస. మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం దాకా అదే పచ్చదనం. రైలు కిటికీలోంచి చూసినవాడు కోనసీమ తమ్ముడనుకుంటాడు. హైదరాబాద్‌లో మీ అపార్ట్‌మెంటు వాచ్‌మన్ని ఏ జిల్లా అని అడిగి చూడండి, శ్రీకాకుళం అంటాడు. అంత పచ్చటి చోటు నుంచి ఎందుకొచ్చాడో కూడా అడగండి వీలైతే.

ఆ పచ్చదనంలో మనుషుల కిడ్నీలు పాడవుతున్నాయి. 2000ల మొదట్లో విశాఖలో డాక్టర్ రవిరాజు లాంటి నెఫ్రాలజిస్టులు తమ దగ్గరికి ఒకే పట్టీ ఊళ్ళ నుంచి ఇంతమంది ఎందుకొస్తున్నారని గమనించడంతో మొదలైంది. షుగరు లేదు, బీపీ లేదు, మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు, కాళ్ళు వాయవు. క్రియాటినిన్ మాత్రం చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. మామూలుగా 1.2 లోపు ఉండాల్సింది, ఒళ్ళు బాలేదని డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి ఆరో ఏడో ఉంటుంది. 2020లో అచ్చయిన జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ అధ్యయనం ప్రకారం అక్కడి పెద్దవాళ్ళలో రమారమి ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బుంది. ఐదుగురిలో ఒకరు! మీ స్క్రమ్ టీముని ఒకసారి ఊహించుకోండి.

కారణం? తెలీదు. డాక్టర్లు ఆ జబ్బుకి పెట్టిన పేరులోనే "కారణం తెలియని" అన్న మాటుంది. భూగర్భ జలాల్లో సిలికా అన్నారు, భార లోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేయడమన్నారు, నొప్పి మాత్రలన్నారు, జన్యువులన్నారు. బహుశా రెండు మూడు కలిసి కావచ్చు. ఇలాంటిదే శ్రీలంకలో అనూరాధపురం, పొలొన్నరువ వైపు వరి రైతుల్లో ఉంది, నికరాగ్వా చెరకు కూలీల్లో ఉంది. బాల్కన్ దేశాల్లో దానుబే నది ఒడ్డు పల్లెల్లో ఇలాంటి కిడ్నీ జబ్బుని 1950ల్లో గుర్తించారు. గోధుమ చేలల్లో కలుపుగా పెరిగే ఒక మొక్క గింజలు పిండిలో కలిసి, వాటిలోని అరిస్టలోకిక్ యాసిడ్ వల్ల అని గట్టిగా తేలడానికి 2000లు వచ్చాయి. యాభై ఏళ్ళు. రొట్టెలో ఉన్న విషం దొరకడానికి యాభై ఏళ్ళు పట్టింది బాబూ. ప్రొడక్షన్‌లో బగ్ వస్తే రెండు గంటల్లో రూట్ కాజ్ పంపమనే మేనేజర్ల కింద పనిచేసే మనకి ఈ లెక్క ఎక్కదు.

అందుకే అంటున్నా, ఇక్కడ పగ తీర్చుకోవాలంటే ఎవడి మీద? సిలికా మీదా? బోరు పంపు మీదా? మేరీకి కనీసం కట్టెయ్యడానికి ఒక ప్రొఫెసరు దొరికాడు.

మా మావయ్యకి 2012లో తెలిసింది. అప్పటికి దగ్గర్లో మిషన్లు లేవు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ అంటే పలాస నుంచి విశాఖ దాకా రైలు, రమారమి 200 కిలోమీటర్లు, కేజీహెచ్ దగ్గర వరండాలో పడిగాపులు, మళ్ళీ వెనక్కి. మిషను మీద నాలుగు గంటలు, ప్రయాణం రెండ్రోజులు. చేతిలో నరాన్ని ధమనికి కలిపి ఫిస్టులా అని చేస్తారు, రెండు లావు సూదులు గుచ్చడానికి. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు. కొబ్బరి రైతు, ఒక చెయ్యి లేనట్టే. మూత్రం తగ్గిపోయాక రోజు మొత్తానికి తాగే నీళ్ళు గ్లాసుల్లో కొలుచుకోవాలి, అదీ సముద్రపు ఉక్కపోతలో. తర్వాత డాక్టరు తినకూడనివాటి చీటీ ఇచ్చాడు. అందులో కొబ్బరి నీళ్ళు ఉన్నాయి, పొటాషియం ఎక్కువట, గుండె ఆగిపోవచ్చట. పనసపండు ఉంది, అదే కారణం. జీడిపప్పు ఉంది. ఉద్దానంలో పండే మూడూ ఉద్దానం రోగికి నిషేధం.

"ఏట్రా అల్లుడూ, నా సెట్టు బొండాం నేన్తాగితే సచ్చిపోతానంట. మరింకేటి తాగాల?" అని నవ్వాడు మావయ్య. నాకు తెలిసిన హారర్ డైలాగుల్లో అదే పెద్దది. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్కు లేకుండా, వీధరుగు మీద కూచుని చెప్పాడు.

తర్వాత పలాసలోనే, సోంపేటలోనే, టెక్కలిలోనే డయాలసిస్ వచ్చింది. ఆ ఒక్కటే ఆయన బతుకులో అయిదు రోజులు వెనక్కిచ్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటినప్పుడు ఊళ్ళో కొబ్బరి చెట్లన్నీ దువ్విన జుట్టులా ఒకే వైపు పడుకున్నాయి. రోడ్ల మీద చెట్లు, కరెంటు లేదు. మావయ్య బాధ తోట పోయిందని కాదు, శుక్రవారం మిషను తప్పిపోతుందని. ముందు గొడ్డళ్ళు పట్టుకుని నలుగురు, వెనక మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య ఆయన. అలా వెళ్ళారు. ఇంకో ఏడాదిన్నర బతికాడు.

ఇక్కడ మీలో కొందరు అడుగుతారని తెలుసు, కిడ్నీ మార్పిడి చేయించలేదా అని. సాఫ్ట్‌వేరు మేనల్లుణ్ణి ఉన్నాను కదా. పరీక్షలు చేయించాం. ఆయన తమ్ముడి క్రియాటినిన్ అప్పటికే 1.9. అత్తది గ్రూపు కలవలేదు. ఉద్దానం జబ్బులోని అసలు ఉచ్చు ఇదే, అది కుటుంబాల్లో గుంపుగా వస్తుంది. చట్టం దగ్గర బంధువుల దగ్గరికి వెళ్ళమంటుంది, దగ్గర బంధువులు కూడా అదే జబ్బు క్యూలో నిలబడి ఉంటారు. మిగిలేది బ్రెయిన్ డెడ్ అయినవాళ్ళ నుంచి వచ్చే కిడ్నీ కోసం జీవన్‌దాన్ జాబితా. అది ఎంత నెమ్మదిగా కదులుతుందో పేరు రాయించుకున్నవాళ్ళని అడగండి. ఆ నెమ్మదిలోనే ఒకరోజు ఆస్పత్రి క్యాంటీన్ దగ్గర చక్కగా షర్టు టక్ చేసుకున్న ఒకతను నా పక్కన కూర్చుని, మీ పేషెంటు గ్రూపేంటి సార్ అని అడిగాడు. మీరేం చేస్తుంటారని కూడా అడిగాడు. సాఫ్ట్‌వేరు అనగానే అతని కళ్ళల్లో వెలుగు చూడాలి. ముప్పై అన్నాడు. లక్షలు అని చెప్పక్కర్లేదు కదా. డోనరుకి ఎంత ముడుతుందని అడిగితే నవ్వి, "అవన్నీ మేం చూసుకుంటాం సార్, మీకెందుకు" అన్నాడు. లేచొచ్చేశాను. మావయ్యకి చెబితే ఆయన ఒకే ఒక్క మాటన్నాడు, "ఆడెవడో కూడా మన్లాటోడే అయ్యుంటాడు." ఇంక దాని గురించి ఇంట్లో చర్చ లేదు.

ఈ సంభాషణలో విలన్ ఎవరో చెప్పండి చూద్దాం. బ్రోకరా? సరే వాడు వెధవే. కాని వాడు వెతుక్కుంటూ వచ్చింది ఎవర్ని? ఇన్సూరెన్సూ, జీతం స్లిప్పూ, పర్సనల్ లోను అర్హతా ఉన్నవాణ్ణి. దొంగ సర్జరీ సినిమాల్లో మనల్ని మనం ఎప్పుడూ కోయించుకునేవాడి సీట్లో ఊహించుకుంటాం, ఐసు తొట్టిలో లేచే బిజినెస్ ట్రావెలర్ లాగ. వాస్తవంలో మన సీటు అది కాదు. మనది కొనేవాడి సీటు. సరూర్‌నగర్‌లో 50 లక్షలు పెట్టగలిగింది ఎవరు? రోజు కూలీలా? మన కిడ్నీ ఎవడూ దొంగిలించడు, మన కోసం దొంగిలిస్తారు. ఈ ఒక్క వాక్యం మీద హారర్ సినిమా తియ్యండి, నేను రాత్రి నిద్రపోకుండా ఉంటా.

కోపం వచ్చిందా? ఇంకోటి చెప్తాను, ఇదీ మన ఇళ్ళల్లోదే. మన దేశంలో 1995 నుంచి 2021 దాకా జరిగిన 36,640 అవయవ మార్పిడుల్లో పుచ్చుకున్న మగవాళ్ళు 29,695, ఆడవాళ్ళు 6,945 అని కేంద్ర సంస్థ నోటో లెక్క. బతికుండగా ఇచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. అమ్మ ఇస్తుంది, ఆవిడ ఇస్తుంది. ఎవరూ కత్తి చూపించి అడగరు, హాల్లో చుట్టాలందరూ కూర్చుని మౌనంగా ఆవిడ వైపు చూస్తారంతే. అదీ ఒకరకం అండర్‌గ్రౌండే. వజ్రపుకొత్తూరులో భర్త పక్కన మంచం మీద కూర్చుని విసనకర్ర విసిరే ఆడమనిషికే కిడ్నీ పాడైతే ఎవరిస్తారో ఆ లెక్క చూస్తే తెలుస్తుంది.

ప్రభుత్వాల సంగతి. ఇది మొదలెడితే కామెంట్లన్నీ పార్టీ జెండాలై పోతాయి, అయినా తప్పదు. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి మాట్లాడాకే చాలామంది తెలుగువాళ్ళకి ఉద్దానం అన్న పేరు తెలిసింది, ఆ జులైలో హార్వర్డ్ డాక్టర్ల బృందం కూడా విశాఖ వచ్చింది. చంద్రబాబు హయాంలో డయాలసిస్ కేంద్రాలూ, 2,500 పింఛనూ వచ్చాయి. 2019లో జగన్ దాన్ని 10,000 చేశాడు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రీ పరిశోధన కేంద్రమూ, హిరమండలం నుంచి వంశధార నీళ్ళు పైపుల్లో తెచ్చే సుమారు 700 కోట్ల పథకమూ ప్రారంభమయ్యాయి. ఎవరు చేసింది వాళ్ళకి ఇచ్చేద్దాం, మా వాళ్ళకి ఆ మాత్రం మర్యాద తెలుసు. నా ప్రశ్న అది కాదు. మొదటి డాక్టరు గమనించిన దగ్గర్నుంచి మొదటి నదీజలం కొళాయి దాకా ఇరవై ఏళ్ళు. కారణం తెలియకపోయినా నీళ్ళు మార్చి చూడటానికి కారణం తెలియనక్కర్లేదు కదా. లాగ్స్ చదవడం పూర్తయ్యేదాకా సర్వర్ అలాగే కాలిపోనివ్వం కదా మనం. ముందు ట్రాఫిక్ మళ్ళిస్తాం, తర్వాత లాగ్స్ చదువుతాం.

అదే జిల్లాలో 2010 జులైలో సోంపేట బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు కాల్పులు జరిగాయి. 2011 ఫిబ్రవరిలో మా టెక్కలి పక్కన కాకరాపల్లి తంపరలో మళ్ళీ కాల్పులు. నీళ్ళ గురించి భయపడ్డ జనం మీద పోలీసులు రావడానికి పట్టిన టైము, అదే జనం దగ్గరికి మంచినీళ్ళు రావడానికి పట్టిన టైము పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఆస్పత్రి విషయంలోనూ ఒక మాట. భవనం కట్టడం వేరు, నెఫ్రాలజిస్టు పలాసలో కాపురం పెట్టడం వేరు. పిల్లల స్కూలు, భార్య ఉద్యోగం, విశాఖలో ప్రాక్టీసు, ఇవన్నీ వదులుకుని వచ్చే స్పెషలిస్టుని జీవోతో పుట్టించలేం. మనమేమైనా తక్కువా? కంపెనీ శ్రీకాకుళంలో ఆఫీసు పెట్టి రమ్మంటే మనలో ఎంతమంది వెళ్తాం? ఒకరినొకరు మొహమాటపెట్టుకోవద్దు :)

మరి అమెరికన్ మేరీని ఏం చెయ్యమంటావు, బ్యాన్ చెయ్యమంటావా అని అడగొద్దు. చూడండి. నచ్చితే రెండోసారి చూడండి. చూసొచ్చి మాత్రం "నిజంగా ఇలాగే జరుగుతాయట" అనకండి, జరగవు కనుక. జరిగేవి ఎలా జరుగుతాయో పైన రాశాను. కిడ్నీ జోకు వెయ్యాలనిపించినప్పుడు పక్క టేబుల్లో ఎవరిది పలాసో, ఎవరిది కవిటో చూసుకోండి. మన క్యాంపస్సుల్లో మావాళ్ళు బాగానే ఉన్నారు, యాస దాచుకుంటారు అంతే.

ఏదైనా చెయ్యాలనుకునేవాళ్ళకి చిన్న పనొకటుంది. జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకోవడం పది నిమిషాల పని. కాని ఇందులో చాలామందికి తెలియని మెలికుంది. కార్డు ఉన్నంత మాత్రాన చాలదు, రేపు మనం బ్రెయిన్ డెడ్ అయితే డాక్టర్లు అడిగేది మన ఇంట్లోవాళ్ళని. వాళ్ళు కాదంటే కార్డు జేబులోనే ఉండిపోతుంది. కాబట్టి కార్డు కన్నా ముందు ఇంట్లో చెప్పాలి. నేను చెప్పాను. అన్నం తింటున్నప్పుడు అశుభం మాట్లాడతావా అని మా ఆవిడ ముందు గట్టిగా తిట్టింది. రెండ్రోజులు మాట్లాడలేదు. మూడోరోజు లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, "ఆ ఫారం ఎక్కడుంది, నాది కూడా నింపు" అంది.